పంట పోయిన చలికాలంలో ఇంటిపట్టున చేతిపని



ఈవేళ నేను ఎరువుల సంగతి, విత్తనాల సంగతి ఎత్తబోవడం లేదు. పంట పోయిన ఏట, కార్తీకం మొదలు మాఘం దాకా ఇంటిపట్టున కూర్చోవలసి వస్తే చేతులతో ఏమి చేసుకోవచ్చునో, దానివల్ల ఎంత మేలున్నదో, ఎక్కడ జాగ్రత్తపడాలో చెప్పుకొందాం.

మన ప్రాంతంలో మంచు కురవదు. చలికాలమంటే మనకు మంచి రోజులే. కుప్పలు నూర్చుకొని, ధాన్యం ఇంటికి చేర్చుకొని, సంక్రాంతికి కొత్తబట్టలు తెచ్చుకొనే రోజులవి. కాని ఆశ్వయుజ మాసంలో తుపాను వచ్చి పోయిన ఏడు ఆ మూడు నెలలే గడవవు. గాదెలో గింజ ఉండదు. పొలంలో పని ఉండదు. షావుకారు దగ్గర పాత బాకీ అలాగే ఉంటుంది. చలి అప్పుడే ఎక్కువగా తెలుస్తుంది.

ఉద్దానం రైతులకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపంలో తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో కొబ్బరి, జీడిమామిడి, పనస వేళ్ళతో సహా పెకలించుకొని పడిపోయినవి. వరి పోతే ఒక పంట పోయినట్లు. కొబ్బరి పోతే అలా కాదు గదా. పొడుగు రకం మొక్క ఈవేళ నాటితే కాపుకు రావడానికి 6 నుండి 8 ఏండ్లు పడుతుంది. ఆ చలికాలం ఒక్క చలికాలంగా పోలేదన్న మాట.

అప్పుడు నేను చేసిన పొరపాటు ఒకటి ముందుగా ఒప్పుకొంటాను. తోటలు త్వరగా బాగుచేసుకొని అంతరపంట వేసుకోవాలనే తొందరలో, పడిన మొద్దులు, మట్టలు, చెత్త అంతా తోట మూలకు లాగి కుప్ప పెట్టమని ఒక ఊళ్ళో రైతులకు చెప్పాను. వారు నా మాట విన్నారు. మరుసటి వానకాలంలో ఆ తోటకు వెళ్ళి చూస్తే, మిగిలిన చెట్ల ఆకులు కత్తెరతో కత్తిరించినట్లు ఉన్నవి. కొత్తగా నాటిన మొక్కల మొవ్వు విరిగి ఉన్నది. అదంతా కొమ్ము పురుగు పని. కుళ్ళిన కొబ్బరి మొద్దులలో, చెత్త కుప్పలలో అది గ్రుడ్లు పెడుతుంది. గ్రుడ్డు నుండి పెంకు పురుగుగా ఎగిరి రావడానికి సుమారు అయిదారు నెలలు చాలు. నేను పెట్టించిన కుప్పే దానికి పురిటిగది అయింది.

అదే ఊళ్ళో ఒక ముసలమ్మ పెరటిలో మాత్రం కుప్ప లేదు. మట్టలు చీల్చి తడికలు అల్లింది. ఈనెలు తీసి చీపుర్లు కట్టింది. డొక్కలు కొట్టి తాడు పేనింది. మొద్దులను కొడుకుచేత కోయించి అమ్మింది. "ఇదంతా ఎప్పుడు చేశావమ్మా?" అని అడిగాను. "పడిపోయిన సెట్టు ముందల కూకుంటే లెగిసొస్తదేటి బాబూ?" అన్నది. నా చదువు నాకు చెప్పని మాట అది. పడిన చెట్టును పురుగు వాడుకోకముందే మన చేతులు వాడుకోవాలి. దానివల్ల ఇంటికి నాలుగు డబ్బులు వస్తవి, నిలిచిన చెట్టు కూడా బ్రతుకుతుంది. ఇదే ఈనాటి ప్రసంగంలో ముఖ్య విషయం.

ఇక పని సంగతికి వద్దాం.

మొదట చేయవలసింది ఏరివేత. పడిన చెట్టును నాలుగు భాగాలుగా చూడండి. మొద్దు, మట్ట, ఆకు, కాయ. మొద్దు కోతకు పనికివస్తే వెంటనే అమ్మండి. లేదా దూలానికి, పశువుల పాక నిట్రాటకు వాడుకోండి. పనికిరాని మొద్దును చీల్చి ఎండబెట్టి వంటచెరకు చేయండి. తోటలో కుళ్ళబెట్టవద్దు. తప్పనిసరిగా చెత్త కుప్ప ఉంచవలసివస్తే దానిని తిరగవేస్తూ, కనిపించిన తెల్లని పురుగులను ఏరి చంపండి. మెటారైజియం అనే శిలీంధ్రపు పొడిని నీటిలో కలిపి కుప్పపై చల్లడం కూడా మంచిది.

రెండవది చీపురు. బాగా పెరిగిన కొబ్బరి చెట్టుకు తలమీద 30కి పైగా ఆకులుంటవి. ఒక్కొక్క ఆకుకు 200కు పైగా రెల్లలు ఉంటవి. ఒక్కొక్క రెల్లకు ఒక ఈనె. అంటే ఒక్క పడిన చెట్టులో 6,000 ఈనెలు ఉన్నట్లు. విరిగినవి, లేతవి, పుచ్చినవి సగం తీసివేసినా 3,000 చేతికి వస్తవి. ఇది చిన్న సరుకేమీ కాదు. ఆకు పచ్చిగా ఉండగానే రెల్లలు కోసి, చిన్న కత్తితో ఈనెకు రెండువైపులా ఆకు గీసివేయాలి. ఆకు నేలమీద తడిలో పడి ఉంటే ఈనె నల్లబడి పెళుసు అవుతుంది. గీసిన ఈనెలను రెండు మూడు రోజులు ఎండలో ఆరబెట్టి, పొడుగు ఈనెలు ఒకవైపు, పొట్టి ఈనెలు ఒకవైపు వేరుచేయాలి. మొదళ్ళు సమంగా తట్టి, రెండుచోట్ల గట్టిగా బిగించి కట్టాలి. ఒక కట్టు చాలదు. పదిరోజులు ఊడ్చేసరికి ఈనెలు జారిపోతే, కొన్నవారు మళ్ళీ మీ దగ్గరకు రారు.

మూడవది తడిక. మట్టను నిలువుగా రెండుగా చీల్చి, ఆ చీలికలను కొద్ది రోజులు నీటిలో నానవేయాలి. నానితే ఆకు మెత్తబడి అల్లికకు లొంగుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. రెల్లలను ఒకటి పైకి, ఒకటి కిందికి వేస్తూ అల్లుకొంటూ పోవాలి. ఈ పనికి చలికాలపు తెల్లవారు వేళ మంచిది. మంచు తడికి ఆకు విరగదు. ఎండ ముదిరిన తరువాత అల్లితే చిట్లుతుంది. ఈ తడికలతో ముందు మీ పాక కప్పుకోండి. తరువాత కొత్తగా నాటిన కొబ్బరి మొక్కలకు వేసవిలో నీడ కట్టడానికి మొక్కకు రెండు చొప్పున దాచుకోండి. ఆపైన మిగిలితే అమ్మండి. నీడలేక మొక్క మాడిపోతే, తడికలు అమ్మిన డబ్బు దానిని తిరిగి తేలేదు.

నాలుగవది తాడు. దీనికి ముదురు కాయ డొక్కలే పనికివస్తవి. తుపానుకు రాలిన లేత కాయల పీచుకు బలం ఉండదు. దానిని తాటికి వాడితే మన పేరే పోతుంది. ముదురు డొక్కలను నానబెట్టి, పై తొక్క ఒలిచి, రాతిమీద పెట్టి కొయ్య సుత్తితో కొట్టి, పొట్టు దులిపి, పీచును నీడలో ఆరబెట్టాలి. నానబెట్టడానికి తాగునీటి చెరువు, తాగునీటి బావి గట్టు ఎంతమాత్రం వాడవద్దు. డొక్క నానిన నీరు నల్లబడి కంపు కొడుతుంది. విడిగా గొయ్యి తవ్వుకోండి.

పేనేటప్పుడు ఒక కిటుకు ఉన్నది. రెండు పురులనూ ఒకే వైపుకు మెలిపెట్టాలి. ఆ రెండింటినీ కలిపేటప్పుడు దానికి ఎదురువైపుకు మెలితిప్పాలి. అప్పుడే ఒక మెలిక మరొక మెలికను పట్టి ఉంచుతుంది. రెండూ ఒకే వైపుకు తిప్పితే తాడు వదిలిన క్షణమే విడిపోతుంది. ఇది పెద్దలకు తెలిసినదే. పిల్లలకు నేర్పేవారే తగ్గిపోయారు. తాడు లావు మొదటి నుండి చివరి దాకా ఒకటిగా ఉండాలి. సన్నబడిన చోటే తెగుతుంది. ఈ తాటితో పశువులకు పలుపులు, బావికి చేంతాడు, పెరుగుకుండకు ఉట్టి, ఎడ్ల మూతికి చిక్కం, గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకొనే పట్ట, ఇవన్నీ చేసుకోవచ్చును. బజారులో నైలాను తాడు వచ్చిన తరువాత పలుపుకు గిరాకీ తగ్గిన మాట నిజమే. కాని పట్టలకు, పూల మొక్కలు వేలాడదీసే ఉట్లకు పట్నంలో కొనేవారు ఉన్నారు. ఏది పోతుందో సంతలో విచారించి, అదే చేయండి.

తాటికి పనికిరాని డొక్కలను పారవేయవద్దు. కొబ్బరి వరుసల మధ్య, చెట్టుకు 3 మీటర్ల దూరంలో, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు కాలువ తీసి, డొక్కలను గుంట భాగం పైకి ఉండేలా వరుసలుగా పేర్చి మట్టి కప్పండి. అవి నీరు పీల్చుకొని ఉంచి, వేసవిలో చెట్టుకు తేమ అందిస్తవి. ఒకసారి పూడ్చితే అయిదారు ఏండ్లు పనిచేస్తవి. చవకగా అమ్మేకంటే ఇదే లాభము.

ఇప్పుడు లెక్క చెప్పుకొందాం. ఎందుచేతనంటే చేతిపనిలో మోసపోయేది ఇక్కడే. ఉదాహరణకు, భార్యాభర్తలిద్దరూ చెరి 6 గంటలు కూర్చొని 10 చీపుర్లు కట్టారనుకొందాం. సంతలో ఒక్కొక్కటి 40 రూపాయలకు పోయినదనుకొంటే 400 రూపాయలు. రానుపోను బస్సు, కట్టుతాడు, సంత ఆశీలు కలిసి 60 పోతే మిగిలింది 340. పనిచేసింది 12 గంటలు. గంటకు 28 రూపాయలు పడినది. ఇది మీ ఊరి కూలికంటే తక్కువ కావచ్చును. అప్పుడేం చేయాలి? బయట కూలి దొరికిన రోజున కూలికి పోండి. చీపురు పని దొరకని రోజులకు, సాయంకాలాలకు ఉంచుకోండి. చేతిపని మిమ్ములను ధనవంతులను చేస్తుందని నేను చెప్పను. ఉప్పు, పప్పు, కిరాణా బాకీ పెరగకుండా అది కాస్తుంది. ఆవుదూడను, విత్తనాల డబ్బును అమ్ముకోకుండా మాఘం దాటిస్తుంది. దాని విలువ అంతే. కష్టకాలంలో అది తక్కువేమీ కాదు.

ఇంటి ఆడవారి పనిని కూడా ఈ లెక్కలో తప్పక వేయండి. పశ్చిమ గోదావరి నరసాపురం ప్రాంతంలో స్త్రీలు క్రోషే లేసు అల్లుతారు. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని అది. దేశాంతరాలకు పోయే సరుకు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ లేసు పనివారిని గురించి మరియా మీస్ అనే విదుషీమణి 1982లో ఒక గ్రంథం ప్రకటించింది. ఇంట్లో కూర్చొని తీరికవేళ చేసే పని అని పేరుపెట్టడం వల్ల ఆ స్త్రీల శ్రమ శ్రమగానే లెక్కకు రాలేదనీ, లాభమంతా మధ్యవారికి, ఎగుమతిదారులకు పోయిందనీ అందులో చూపింది. మన ఇళ్ళలో కూడా ఇదే జరుగుతుంది. వంట చేసి, గొడ్డు చూసుకొని, నీళ్ళు మోసి, ఆపైన రాత్రి దీపం దగ్గర కూర్చొని ఈనెలు గీసే ఇల్లాలి పనిని "ఊరికే కూర్చొని చేస్తున్నది" అంటాము. ఊరికే కాదు. పుస్తకంలో ఆమె గంటలు ఆమె పేరున వ్రాయండి. అమ్మిన డబ్బులో ఆమె వాటా ఆమె చేతికి ఇవ్వండి.

మధ్యవారి దగ్గర ముందుగా అడ్వాన్సు తీసికోవద్దు. చేతిలో డబ్బులేని వేళ వంద రూపాయలు ముందిస్తే దేవుడిలాగా కనిపిస్తాడు. తరువాత ధర అతడు చెప్పిందే అవుతుంది. పదిమంది కలిసి సరుకు ఒకచోట చేర్చి, ఒక మనిషి సంతకు తీసికొనిపోతే ఖర్చు కలిసివస్తుంది, ధర నిలుస్తుంది. ఊళ్ళో స్వయం సహాయక సంఘం ఉంటే దాని ద్వారా అమ్మండి. పీచు పని పెద్దయెత్తున చేయదలచినవారు, 1953 నాటి చట్టం క్రింద ఏర్పడిన కాయిర్ బోర్డువారి శిక్షణల వివరాలు కనుక్కోండి.

మరొక్క మాట. పిల్లలను బడి మాన్పించి ఈ పనిలో పెట్టవద్దు. సెలవురోజున పక్కన కూర్చొని పురి తిప్పడం నేర్చుకొంటే మంచిదే. అంతవరకే.

ఇంతవరకు చెప్పుకొన్న సంగతులు క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. 1. పడిన చెట్టును కుప్పపెట్టి కుళ్ళనీయక, భాగాలుగా ఏరండి. 2. ఆకు పచ్చిగా ఉండగానే ఈనెలు తీయండి. 3. తడికలు ముందు ఇంటికి, మొక్కలకు, తరువాతనే అమ్మకానికి. 4. ముదురు డొక్క తాటికి, మిగిలినది తోటలోకి. 5. గంటల లెక్క వ్రాయండి, అడ్వాన్సు తీసికోకండి.

కూర్చొని తింటే కొండలైనా తరుగుతవని మన పెద్దలన్నారు. తుపాను తినిపోయిన ఇంట్లో కొండలు కూడా ఉండవు. ఉండేవి రెండు చేతులే. ఈ చలికాలం అటువంటి ఇల్లు మీ ఊళ్ళో ఉంటే, గ్రామసేవలో ఉన్న మన కార్యకర్తలు ముందు ఆ ఇంటి పెరటిలోకి వెళ్ళి ఏమి పడి ఉన్నదో చూడండి. పురుగుమందు సంగతి తరువాత చెప్పవచ్చును. పని చేస్తున్న ముసలమ్మ ఎవరైనా కనిపిస్తే, నాలాగ ఆలస్యం చేయక, ఆమె దగ్గర కూర్చొని నేర్చుకోండి.

సెలవు. నమస్కారము.