వీడియోలో బొమ్మలు - మన సంఘం అనుభవం

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం తరఫున యూట్యూబులో పెట్టిన మూడు నిమిషాల వీడియో గురించి మాట్లాడమన్నారు. ఫైళ్ళతో కాలం గడిపిన గుమాస్తాను, సాంకేతిక పండితుణ్ణి కాను. అయితే అందులో జరిగిన పొరపాటుకు నేనే బాధ్యుణ్ణి గనుక నేనే చెప్పాలి.

కెమెరా పట్టేవారు లేక, ఫోటోలూ కంప్యూటరులో దొరికే రెడీమేడ్ బొమ్మలూ వరుసగా పేర్చి, వెనుక మాట చేర్చాము. మా మనవడు కూర్చాడు, నేను సరిచూశాను. కదలని బొమ్మతో కథ చెప్పడం మనకు కొత్తేమీ కాదు. సినిమాహాల్లో ఆట మొదలు కాకముందు బట్టల కొట్ల స్లైడులు చూసినవాళ్ళమే కదా! మన నిమ్మలకుంట వారు తోలుబొమ్మలనే ఆడించి మెప్పించారు. 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది.

మొదట పై మూలన మూడు సింహాల గుర్తు పెట్టాడు. తీయించాను. అనుమతి లేకుండా వాడితే 2005 నాటి రాజచిహ్న చట్టం క్రింద రెండేండ్ల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చును. తరువాత పల్లె అనగానే కొబ్బరిచెట్లు, వరిమడి! ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మనది. దాని బదులు శెనక్కాయ చేను ఫోటో పెట్టించాను. ఇంత జాగ్రత్తపరుణ్ణి, అసలుదాన్ని వదిలేశాను.

లైఫ్ సర్టిఫికెట్ మాట వచ్చేచోట ఒక పెద్ద ఫోను బొమ్మ, దానిపై బొటనవేలు బొమ్మ ఉన్నాయి. చూడముచ్చటగా ఉన్నదనుకొన్నాను. ఫ్యామిలీ పెన్షన్ తీసుకొనే మన సోదరి ఒకరు అది చూసి, తన ఫోను తెర మీద వేలు అదిమి, సర్టిఫికెట్ ఇచ్చేశాననుకొని నిశ్చింతగా ఉన్నారు. పెన్షను ఆగిపోయింది. "అన్నయ్యా, మీరు చూపినట్టే కదా చేసినాను" అని ఆమె అడిగితే నాకు నోట మాట రాలేదు. బ్యాంకు చుట్టూ ఆమెతోపాటు నేనూ తిరిగాను. బకాయితో సహా వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు.

2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్‌కు ఆధార్, పి.పి.ఓ. నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చి, వేలిముద్ర యంత్రం మీద వేలు పెట్టాలి. 2021 నుండి ముఖం చూపే పద్ధతి కూడా ఉన్నది. ఇప్పుడా రెడీమేడ్ బొమ్మ తీసివేసి, మన సభ్యులొకరు యంత్రం మీద వేలు పెడుతున్న ఫోటోలే వాడాము. ఒక్కొక్కటి ఆరు సెకండ్లు నిలిపాము. మన కళ్ళకు అంత సేపు కావాలి, మనవడి కళ్ళకు రెండు చాలు!

ఇంటర్నెట్టులో కనబడిన బొమ్మలన్నీ ఊరుమ్మడి సొత్తు కావు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఫోటోకు, తీసినవారి జీవితకాలమంతా, ఆపైన వారు మరణించిన మరుసటి సంవత్సరం నుండి 60 ఏండ్లూ రక్షణ ఉంటుంది. కాబట్టి మన ఫోటోలే మనకు శ్రేయస్కరం. మీ ఇండ్లలోని ఆఫీసు గ్రూపు ఫోటోలు వచ్చే సమావేశానికి తీసుకొని రండి. కాపీ తీసుకొని అప్పుడే తిరిగి ఇచ్చేస్తాము. అందులో ఉన్నవారి పేర్లు ఒక చీటీ మీద వ్రాసి తెండి. గతించినవారు ఉంటే వారి ఇంటివారిని ముందుగా ఒక మాట అడిగి రండి.