మత్తు వేరు, మస్తు వేరు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కరువు భత్యం బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ చెప్పవలసినదంతా కార్యదర్శి గారు చెప్పేశారు. నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. నేను నిజంగానే రెండే మాటలు ఎంచుకున్నాను. ఒకటి మత్తు, రెండవది మస్తు.

మత్తు అందరికీ తెలిసినదే. కల్లు తాగితే వచ్చేది మత్తు. ఆపరేషనుకు ముందు డాక్టరు ఇచ్చేది మత్తు. ఒళ్లు తెలియని స్థితి అన్నమాట. మస్తు అట్లా కాదు. తెలంగాణ పల్లెలో "వానలు మస్తు పడ్డయి" అంటే సమృద్ధిగా పడ్డాయని. "పాట మస్తుగుంది" అంటే మనసు ఉప్పొంగేటట్టు ఉందని. అందులో చుక్క మందు లేదు.

ఒక్క అక్షరం తేడాయే కదా అని నవ్వి ఊరుకోవచ్చు. కాని ఆ ఒక్క అక్షరం ఒకరి ఉద్యోగం మీదికి వచ్చింది. 1978లో నేను సీనియర్ అసిస్టెంటుగా ఉన్నాను. కోస్తా నుంచి బదిలీపై కొత్తగా వచ్చిన అధికారి మా అటెండరును "ఏమయ్యా, నిన్న రాలేదేం?" అని అడిగారు. "చెల్లె పెండ్లి సార్. మస్తుగైంది" అన్నాడతను. రాత్రంతా మేలుకుని కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయనకు "మత్తుగైంది" అని వినబడింది. తాగి డ్యూటీ ఎగ్గొట్టాడని మెమో రాయమన్నారు.

ఆ ఫైలు నా బల్ల మీదికే వచ్చింది. నేను డ్రాఫ్టుకు బదులు నోటు పెట్టాను: "మస్తు అనగా ఘనముగా అని స్థానిక వాడుక. వివాహము ఘనముగా జరిగినదని అటెండరు మనవి." ముందే ఇచ్చిన సెలవు చీటీ జతచేశాను. అధికారి చదివి, కాస్త నవ్వి, మెమో వద్దన్నారు. చెడ్డ మనిషేమీ కాదు. అయితే ఆ అటెండరు, ఆయన బదిలీ అయ్యేదాకా, ఆ గదిలో "అవును సార్, లేదు సార్" తప్ప మరో మాట పలకలేదు. గేటు దాటాక మాత్రం గలగలా మాట్లాడేవాడు.

అప్పటి నుంచి ఈ మాటల వెంటపడ్డాను. మత్తుకు మూలం సంస్కృతంలోని 'మద్' ధాతువు. ఉన్మత్త అన్నదే మన ఉమ్మెత్త. మదించిన ఏనుగు మత్తేభం, దాని పేరనే మత్తేభ విక్రీడితం. మన సర్క్యులర్లలో "సిబ్బంది అప్రమత్తంగా ఉండవలెను" అని రాసేవారే, అదీ ఈ ధాతువు సంతానమే!

మస్తు పారశీకం నుంచి ఉర్దూ ద్వారా మనకు వచ్చింది. అక్కడ 'మస్త్' అంటే తాగి సోలినవాడు. సూఫీ కవులు దైవప్రేమలో మైమరచినవారినీ మస్త్ అన్నారు. మన నాలుక మీదికి వచ్చేసరికి కల్లు వాసన పోయి ఆనందమూ, నిండుదనమూ మిగిలాయి. సంస్కృతం, పారశీకం అక్కచెల్లెళ్లు కనుక ఆ మత్తకూ ఈ మస్తుకూ మూలం ఒకటే. మదించిన ఏనుగు స్థితిని ఇంగ్లీషువారు 'మస్త్' అనే అంటారు. ఇట్లాంటిదే మరో జత ఉంది: కట్టబడినది సంస్కృతంలో బద్ధం, పారశీకంలో బస్తా. రికార్డు రూములో గుడ్డలో కట్టిన దస్త్రాల బస్తాలు మోసి దుమ్ము దులిపినవారు ఈ హాల్లో చాలామందే ఉన్నారు.

మరి మత్తేభాన్ని నెత్తిన పెట్టుకుని మస్తును మోటుమాట అంటే నేనొప్పుకోను.

ఇప్పుడు సినిమాల పుణ్యమా అని కోస్తా పిల్లలూ మస్తు అంటున్నారు, సంతోషమే. మా మనవడు మాత్రం అన్నిటికీ 'కిక్కు' అంటాడు. మందుకూ అదే, క్రికెట్టుకూ అదే. విడివిడిగా రెండు మాటలుండగా ఈ పొదుపు దేనికో నాకర్థం కాదు.

భోజనాలు సిద్ధమని కబురొచ్చింది. వంట మస్తుగా ఉందట. తిన్నాక మత్తు ఎలాగూ వస్తుంది. సెలవు.