ట్యాగు ఖర్చు ఎవరిది? లాభం ఎవరిది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సరుకు రవాణా రంగంలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆర్.ఎఫ్.ఐ.డి. గురించి చెప్పమని సంఘంవారు అడిగారు. మనలో బియ్యం మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, మందుల ఏజెన్సీలు నడిపేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా వాళ్ళ కోసం.

పేరు కొత్తగా వినిపించినా వస్తువు మనకు తెలిసిందే. మీ కారు అద్దానికి అతికించిన ఫాస్టాగ్ అదే. దానిలో బ్యాటరీ ఉండదు. టోల్‌ప్లాజాలో రీడర్ పంపే రేడియో తరంగాల నుంచే శక్తి తీసుకుని తన నంబరు చెబుతుంది. బార్‌కోడ్ అయితే ఒక్కొక్కటీ స్కానరుకు చూపించాలి. ట్యాగులైతే పెట్టెలు విప్పకుండానే, గేటు దాటుతుండగా ఒకేసారి ఎన్నో చదవవచ్చు. ఒక్క చిక్కుంది. లోహం ఆ తరంగాలను తిప్పికొడుతుంది, నీరు పీల్చేస్తుంది. అందుకే రేకు డబ్బాలకూ సిరప్ సీసాలకూ ముందు పరీక్షించి చూసుకోవాలి.

ఇక వ్యాపారం సంగతి. 2003లో అమెరికాలో వాల్‌మార్ట్ తన సరఫరాదారుల్లో పెద్దవాళ్ళు వందమందిని, 2005 జనవరికల్లా పెట్టెలకూ ప్యాలెట్లకూ ట్యాగులు వేయమంది. ఖర్చు సరఫరాదారులది. అరలు ఖాళీ పడకుండా చూసుకునే లాభం ఎక్కువగా దుకాణానిది. దాంతో చాలామంది లారీకెక్కించే ముందు ట్యాగు అంటించి చేతులు దులుపుకున్నారు. తమ గిడ్డంగి లెక్కలకు దాన్ని వాడుకోలేదు. పథకం అనుకున్నంత వేగంగా సాగలేదు.

స్పెయిన్‌కు చెందిన జారా దుస్తుల సంస్థ ఇంకో దారి పట్టింది. దొంగతనం జరగకుండా బట్టలకు తగిలించే ప్లాస్టిక్ బిళ్ళలోనే ట్యాగు పెట్టింది. బట్ట అమ్ముడవగానే బిళ్ళ తీసి మళ్ళీ వాడుకునేది. అక్కడ ఖర్చూ లాభమూ ఒకే ఇంటివి.

మూడో దారి మన దేశంలోనే ఉంది. 2016లో ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో లాజిస్టిక్స్ డేటా బ్యాంక్ మొదలైంది. కంటైనరుకు ట్యాగు కడతారు. దారిలో రీడర్లు దాన్ని చదువుతాయి. కంటైనరు ఎక్కడుందో ఎగుమతిదారు నంబరు కొట్టి చూసుకోవచ్చు. కంటైనరుకింత అని రుసుము ఉంటుంది కానీ, చిన్న వ్యాపారి సొంతంగా రీడర్లు కొనక్కర్లేదు.

కాబట్టి మిత్రులారా, రేపు ఒక పెద్ద కొనుగోలుదారు వచ్చి "ట్యాగు వేస్తేనే సరుకు తీసుకుంటాం" అంటే కంగారుపడి సంతకం పెట్టకండి. ట్యాగు ఖర్చు ధరలో కలుస్తుందా, సరుకు ఎక్కడెక్కడ ఆగిందో ఆ సమాచారం మాకూ ఇస్తారా అని అడగండి. మీ అంతట మీరే మొదలుపెట్టాలనుకుంటే, ఒకసారి వెళ్ళి తిరిగిరాని సంచులతో కాదు, మళ్ళీ మళ్ళీ మీ దగ్గరికే వచ్చే క్రేట్లతో, ఒకే గేటుతో మొదలుపెట్టండి. ట్యాగు చవకే. రీడర్లకూ సాఫ్ట్‌వేరుకూ అయ్యేదే అసలు ఖర్చు. పైగా ట్యాగు లెక్క చెబుతుంది గానీ సంచి తడిసిందో లేదో చెప్పదు. అది చూడటానికి గేటు దగ్గర నమ్మకమైన మనిషి ఎప్పటికీ కావాలి.

 సందేహాలుంటే భోజనాల దగ్గర మాట్లాడుకుందాం.