జల్లెడ పట్టిన జాబితా

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున, శామీర్‌పేటకు చేరువలో దేవరయాంజాల్ అను గ్రామము కలదు. అచ్చటి శ్రీ సీతారామస్వామి దేవాలయమునకు చెందినవని చెప్పబడు 1,500 ఎకరములకు పైబడిన భూములు అన్యాక్రాంతమైనవని ఫిర్యాదులు రాగా, 2021 మే నెలలో తెలంగాణ ప్రభుత్వము నలుగురు ఐ.ఏ.ఎస్. అధికారులతో విచారణ సంఘమును నియమించినది. ఆ వివాదములో న్యాయమెవరిదో చెప్పుట నా పని కాదు. అంత భూమిని సర్వే నంబరు వారీగా పరిశీలింపవలసినచో, ఆ పనుల జాబితాను చూచుట ఎట్లు? నేటి ప్రసంగవిషయము ఇంతమాత్రమే.

జాబితా ఒక్కటే. ఒక్కొక్క నంబరునకు ఒక్కొక్క వరుస. విస్తీర్ణము, పహాణీలోని పేరు, కొలత తేదీ, బాధ్యుడు, పని ముగిసినదా లేదా అనునవి గడులు. చూచువారు మాత్రము పలువురు. సర్వేయరునకు ఈనాడు తాను కొలువవలసిన పొలములు చాలును. గుమాస్తాకు నకళ్లు రాని నంబర్లు కావలెను. పై అధికారి గడువు దాటిన వానినే అడుగును. మన రెవిన్యూ లెక్కలకు ఇది క్రొత్త కాదు. పహాణీ సర్వే నంబరు వరుసను, ఒకటి-బి పట్టాదారు వరుసను ఆ భూమినే చూపును. అయితే చేతివ్రాత దినములలో రెండు పుస్తకములు వ్రాయవలసివచ్చెడిది. రెండు పుస్తకములున్నచోట తేడాలు వచ్చుట సహజమే కదా! ప్రాజెక్టు నిర్వహణ సాఫ్ట్‌వేరులో పుస్తకము ఒక్కటే యుండును. మనము షరతు పెట్టినచో దానికి సరిపడు వరుసలు నిలుచును, తక్కినవి మరుగుపడును. దీనినే ఫిల్టరు అందురు. జల్లెడ వలె తవుడును క్రింద రాల్చదు. కనబడకుండ చేయును, అంతే.

చిక్కు ఖాళీ గడులతో వచ్చును. 2002లో ఆస్ట్రేలియాలో పుట్టిన జీరా అను సాఫ్ట్‌వేరు మన నగరములో వేలమందికి పరిచితమే. మీ యింట కంప్యూటరు ముందు కూర్చుండు పిల్లల నడిగినను చెప్పుదురు. అందు “బాధ్యుడు ఫలానావాడు కాదు” అని షరతు వ్రాసినచో, వేరొకరి పేరున్న వరుసలే వచ్చును. ఎవరి పేరును లేని వరుసలు రావు. “లేదా బాధ్యుని గడి ఖాళీ” అని ప్రత్యేకముగ చేర్చవలెను. చేర్చనిచో, ఎవరికిని అప్పగింపబడని పొలము సర్వేయరు తెరపైన లేదు, అధికారి తెరపైన లేదు. ఆ పొలము దున్నుకొను రైతు కచేరీ చుట్టు తిరుగుచుండును. గుమాస్తా తెర చూచి “మీ నంబరు ఇందులో లేదు” అనును. ఉన్నది, కాని మరుగుననున్నది. గుమాస్తా అబద్ధమాడలేదు, అందువలననే రైతు మారుమాట చెప్పలేక తిరిగిపోవును.

కావున బాధ్యుడు లేని వరుసలకు, తేదీ లేని వరుసలకు వేరుగా ఒక్కొక్క ఫిల్టరు భద్రపరచి, వారమునకొకసారి తెరచి చూచుట మేలు. పదిమందికి ఉమ్మడియైన ఫిల్టరును ఒకరు మార్చినచో అందరి తెరయు మారును. సొంత అవసరమునకు నకలు తీసికొని మార్చుకొనవలెను.

మరియొక చిన్న సంగతి. రైతు వచ్చి అడిగినపుడు ముందుగా పెట్టిన షరతులన్నియు తొలగించి నంబరును వెదకవలెను. ఉదాహరణకు నంబరు 57 అనుకొందము. “57కు సమానము” అని వెదకినచో 57/అ, 57/ఆ రావు. “57తో మొదలగునవి” అని వెదకినచో అవియు వచ్చును, 570యు వచ్చును. 570ని కన్నుతో చూచి విడిచిపెట్టవచ్చును.