కూలి డబ్బు చేతిలో ఉన్నప్పుడు

కాబోయే కాపరులు మీరు, ఎండలో పట్టా గౌన్లు వేసుకుని కూర్చున్నారు, నేరుగా విషయానికి వస్తాను.

నేను ఇక్కడ అమెరికాలో ఒక తెలుగు సంఘానికి కాపరిగా ఉన్నప్పుడు, ఎన్నికల ముందు ఆదివారం ఒక అభ్యర్థి ఆరాధనకు వస్తానన్నాడు. ఆయన్ను వేదికెక్కించి, తలమీద చేతులుంచి ప్రార్థించమన్నారు సంఘ పెద్దలు. "మన పిల్లల వీసాల సంగతి చెప్పుకోవచ్చు కదా, పాస్టర్ గారూ" అన్నారు. ఆ మాట వెనకున్న భయం నాకు తెలుసు. అయినా ఆయన్ను అందరి మధ్య బెంచీ మీదే కూర్చోబెట్టాను. కొన్ని కుటుంబాలు సంఘం మానేశాయి. ఇవాళ్టికీ అదే సరైన పని అంటాను.

రొట్టెలు తిన్న జనం తనను బలవంతంగా రాజును చేయబోతే యేసు ఒంటరిగా కొండెక్కిపోయాడు. తన రాజ్యం గురించి దాపరికం లేకుండా చెప్పింది పిలాతు ముందు, బందీగా నిలబడి.

అధికారంతో, డబ్బుతో విశ్వాసాన్ని కలపకూడదని అర్థమైన అమెరికన్ ఒకాయన ఒంగోలులో ఉండేవారు. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ. 1876-78 ధాత కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. బాప్తిస్మం ఇమ్మని వాళ్లు అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి డబ్బు తన చేతిలో ఉండగా ప్రభువు కోసం వచ్చిందెవరో, గంజి కోసం వచ్చిందెవరో ఎలా తేలుతుంది? సాయం ఇక లేదన్నా జనం వెనుదిరగలేదు. అప్పుడే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించారు. మనలో చాలామంది అవ్వతాతల విశ్వాసం ఆ ఏటిగట్టున మొదలైంది.

మీరేమో పట్టా చేతికి రాకముందే సెనేటర్ పక్కన దిగిన ఫొటో ప్రొఫైల్‌లో పెట్టేశారు! చూశాను నాయనా, చూశాను తల్లీ. ఈ రాత్రికి తీసేయండి.

పాలకుల గడప తొక్కొద్దని అనడం లేదు. 1963లో బర్మింగ్‌హాం జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన లేఖ చదివినవాళ్లకు నేనేం చెప్పాలి? వెళ్లండి, ఖైదీ తరఫున అడగండి, కాగితాల్లేని కూలీ తరఫున నిలదీయండి. ఆ పాలకుల కోసం ప్రార్థించండి కూడా. ప్రసంగ వేదిక మాత్రం అరువివ్వకండి. నవంబరు ఎన్నికలు దగ్గరపడే కొద్దీ ఫోన్లు వస్తాయి, మర్యాదగానే అడుగుతారు. ఎలా కాదనాలో తోచకపోతే నాకు ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా తీస్తాను.