ఒకే చెరువు, మూడు తూములు

మా మాస్టారి పేరున జరిగే ఈ సభలో మాట్లాడమంటే వెంటనే ఒప్పుకున్నాను. ఆయన గుణగణాలు ఇందాకే విన్నారు. నాకు మిగిలింది ఒకటే. ఆయన విశ్వవిద్యాలయంలో ఫైనాన్స్ ఆఫీసరుగా ఉండగా ఒక వానరోజు నాకు గొడుగిచ్చారు. అది ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఆయన అడగలేదు, నేనివ్వలేదు. ఏ పద్దుకూ ఎక్కని బాకీ!

విశ్వవిద్యాలయాలకున్న ముప్పులు మీకు కొత్తకాదు. ప్రభుత్వమిచ్చే బ్లాక్ గ్రాంటు చాలదు, ఖాళీలు నిండవు. ఫలితాలు తీసే సాఫ్ట్‌వేరు పరీక్షల విభాగంలో ఒక్కరికే తెలుసు, ఆయన సెలవు పెడితే మార్కుల జాబితాలు ఆగుతాయి. వీటిలో పేచీ లేదు. నా పేచీ ‘సొంత వనరులు’ అన్న మాటతో.

ఆ మాటకు ఎప్పుడూ జస్టిస్ పున్నయ్య కమిటీని సాక్షిగా పిలుస్తారు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల గురించి యూజీసీ వేసిన కమిటీ అది, నివేదిక 1993 నాటిది. ఏటేటా అయ్యే ఖర్చులో ఐదేళ్లకు 15 శాతం, పదేళ్లకు కనీసం 25 శాతం సొంతంగా సమకూర్చుకోవాలన్నది. అలా వచ్చిన సొమ్మును విడి నిధిగా ఉంచాలనీ అన్నది. మనవాళ్లు శాతాలు కంఠస్థం చేసి, విడి నిధి మాట మింగేశారు. ఒక విశ్వవిద్యాలయం లెక్కల్లో ‘ఇతర ఖాతాల నుంచి తాత్కాలిక బదిలీ’ అన్న పద్దు వరసగా ఏడేళ్లు చూశాను. పక్కన పెన్సిలుతో ఎవరో ‘ఎప్పటికి?’ అని రాసి, చెరిపేశారు. చెరిపినా అచ్చు కనబడుతోంది.

సరే, ఆ సొంత వనరు ఎక్కడిది? అనుబంధ కాలేజీలు కట్టే అఫిలియేషన్ ఫీజు. కాలేజీకి డబ్బెక్కడిది? 2008-09 నుంచీ చాలావరకు, విద్యార్థుల తరఫున ప్రభుత్వం కట్టే ఫీజు రీయింబర్స్‌మెంటుదే. 2025లో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు ఆ బకాయిల కోసమే బంద్ చేశాయి. ఖజానా ఆలస్యం చేస్తే గ్రాంటు ఆగుతుంది, కాలేజీ ఫీజూ ఆగుతుంది. రెండు తూములున్నంత మాత్రాన రెండు చెరువులున్నట్టు కాదు.

ముందు వరసలో కూర్చున్న నా ఆర్థికశాస్త్ర మిత్రుడు దీనికి దూరవిద్యను అడ్డం వేస్తారు. అది విద్యార్థి జేబులోంచి వచ్చేదే కదా అంటారు. నిజమే. కానీ 2020 యూజీసీ నిబంధనల ప్రకారం మామూలు విశ్వవిద్యాలయం దూరవిద్య నడపాలంటే న్యాక్ మదింపులో 3.01 స్కోరైనా ఉండాలి, లేదా ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల తొలి వందలో చోటుండాలి. న్యాక్ చూసేవాటిలో అధ్యాపకుల సంఖ్య ఒకటి. ఆ పోస్టులు నింపడానికి అనుమతి ఎవరివ్వాలి? ప్రభుత్వమే. మూడో తూమూ ఆ చెరువుదే. పోనీ పరీక్ష ఫీజు? అది ఆయనకు వదిలేస్తాను. దానితో జీతాలివ్వాలంటే ఏటా ఎంతమందిని తప్పించాలో ఆయనే లెక్కకట్టాలి.

అందుకే విశ్వవిద్యాలయాల రాబడిని పద్దుల పేర్లతో కాక, అసలు చెల్లించేవాడి పేరుతో తిరగరాస్తున్నాను. పింఛన్లదీ ఇలాంటి చిక్కే. నగదు పద్దుల్లో ఈ ఏడు ఇచ్చినదే కనబడుతుంది, ఇవ్వవలసింది కనబడదు. ఈ పనికోసం రెండేళ్లుగా విశ్వవిద్యాలయాల పాత బడ్జెట్ పుస్తకాలు తిరగేస్తున్నాను. 1980ల నాటివి బాగా తక్కువ పడ్డాయి. మీలో ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే పంపండి. చెదలు తిన్నా ఫరవాలేదు, సవరించిన అంచనాల పేజీ ఉంటే చాలు. ఈసారి మాత్రం తిరిగిచ్చేస్తాను.