బడితోటను కంచంలో కొలవండి

ఈరోజు పత్రాలు చదవబోయేది మెడికోలు. విషయం బడితోటలు, పిల్లల ఆరోగ్యం. సామాజిక వైద్యం అంటే పరీక్షకు ముందు రాత్రి తిరగేసే పుస్తకమే అనుకునే వయసులో వీళ్లు బడి పెరట్లోకి వెళ్లారు. అందుకు అభినందించి, నేరుగా పనిలోకి వస్తాను.

పోషక తోటల పెంపకానికి కేంద్రం 2019లో బడులకు మార్గదర్శకాలిచ్చింది. తోటకూర, పాలకూర, మునగ, కరివేపాకు వేసిన బడులున్నాయి. ఫొటోలకూ కొదవలేదు. ఆ తోటల నుంచి ఎంత ఆకు పిల్లవాడి కంచంలో పడిందన్న లెక్కే దొరకదు.

మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు తలా 50 గ్రాముల కూరగాయలు పెట్టాలి. వందమంది ఉంటే రోజుకు ఐదు కిలోలు, 200 పనిదినాలకు ఒక టన్ను. నాలుగు మళ్లు టన్ను కాయవు. బడితోట బజారు ఖర్చును మాన్పిస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. అది చేయగలిగింది వేరే ఉంది: తాను నీళ్లు పోసిన తోటకూరను పిల్లవాడు పక్కకు తీసెయ్యకుండా తినడం. దాన్ని కొలవాలంటే వంటశాల దగ్గర కూర్చోవాలి. వడ్డించింది తూచి, కంచంలో వదిలేసింది తూచి, నిన్న ఇంట్లో ఏం తిన్నావని అడగాలి. వండే అమ్మనూ అడగండి. ఆకు ఏరడానికి తీరిక ఎవరికుందో ఆమెకే తెలుసు.

మీలో చాలామందికి హిమోగ్లోబిన్ కొలవడం మీద మోజు. కారణం ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. బడి పిల్లల్లోనూ రక్తహీనత తక్కువేం కాదు. కానీ ఆ పిల్లలకే వారానికో ఐరన్ మాత్ర, చిన్నవాళ్లకు గులాబీది, పెద్దవాళ్లకు నీలం రంగుది, ఇస్తున్నారు. నులిపురుగుల మందూ వేస్తున్నారు. హిమోగ్లోబిన్ అర గ్రాము పెరిగితే ఆ ఘనత తోటకు ఎలా కట్టబెడతారు? తోటలేని పక్క ఊరి బడిని కూడా చూడాలి. జులైలో ఒకసారి, ఆకుకూరలు చవకైన డిసెంబరులో ఒకసారి కొలిచి తేడా చూపిస్తే, అది తోట ఫలమో చలికాలం ఫలమో చెప్పలేం. వేసవి సెలవుల్లో నీళ్లు ఎవరు పోశారో తప్పక రాయండి. చాలా తోటలు ఎండేది అప్పుడే.

ఫలితం రాలేదని దిగులు వద్దు. అమెరికాలోని ఆస్టిన్‌లో 16 బడుల్లో చేసిన టెక్సస్ స్ప్రౌట్స్ అధ్యయనంలో పిల్లలు కూరగాయలు కొంచెం ఎక్కువ తిన్నారు. ఊబకాయంలో, రక్తపోటులో మార్పు కనబడలేదు. పరిశోధకులు దాన్ని అలాగే ప్రచురించారు. నేపాల్‌లో బడితోట ఒక్కటే ఉన్నచోట పిల్లలకు తెలివిడి పెరిగింది గాని తిండి మారలేదు. ఇంటి పెరటినీ కలుపుకున్నాక మారింది. మన జిల్లాల్లో ఎవరైనా తర్వాతి అధ్యయనానికి పూనుకుంటే, అక్కడినుంచే మొదలుపెట్టమంటాను.

ఒక్క విన్నపం. మీ నివేదికను రెండు పేజీల తెలుగులో రాసి, మీరు కొలిచిన ప్రతి బడిలో హెడ్మాస్టరుకు, వంట చేసే అమ్మకు చదివి వినిపించండి. మార్కులు ఆ తర్వాత అడగండి.